చిగుళ్ళ పందెం

చెల్లాయికి,

నోరు విప్పలేని మీ అక్క దీవిస్తూ రాసేది.

రెండు వారాలు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ఫోనులో వేలితో నొక్కితే నా కోపం పట్టదు, అందుకే ఉత్తరం. మూడేళ్ళ కిందట పెట్టించుకున్న ముందు ఇంప్లాంటు గుర్తుందిగా, దాని మీద చిగురు జారిపోయి లోపలి లోహం నల్లగా కనబడుతోంది. సోమవారం అంగిట్లోంచి చిన్న ముక్క కోసి అక్కడ కుట్టాడు. ఇప్పుడు నోట్లో రెండు గాయాలు.

మూడో గాయం నువ్వు చేశావు. అమ్మని రమ్మంటే, "చిన్నదానికీ చిగుళ్ళ ఆపరేషనే, దాని దగ్గర ఉండాలి" అని చీటీ పంపింది. నాకు కోసిన వారమే నీ చిగుళ్ళూ జారాలా? చిన్నప్పుడూ ఇంతే, నాకు జ్వరమొస్తే నీకు దగ్గొచ్చేది.

ఇట్లు,
సూపు తానే చల్లార్చుకుంటున్న అక్క

తా.క. అమ్మకి నడుం నొప్పి. మీ మంచం మరీ కిందికి ఉంటుంది. నాకేం, చెప్పానంతే.


అక్కకి,

చెల్లి నమస్కారాలు, పెదవి కదపకుండా.

పుండు మీద కారం చల్లడంలో నీ తర్వాతే ఎవరైనా. అమ్మని నీ దగ్గర కూర్చోబెట్టుకుని నా దగ్గర ఉందని ఎత్తిపొడుస్తావా? "పెద్దదాని దగ్గరికి వెళ్తున్నాను" అని నాకు రాసిన చీటీ దిండు కిందే ఉంది. నీకు ఒక్క పన్ను, నాకు నాలుగు. న్యాయంగా అమ్మ ఎవరి దగ్గర ఉండాలి?

అన్నట్టు, నాకు కోతే లేదు. చిగురు పైభాగంలో సూది బెజ్జమంత రంధ్రం చేసి, అందులోంచే చిగురుని వదులు చేసి పళ్ళ మీదకి జరిపాడు. అదే డాక్టరు కదా, నీకెందుకు కోశాడో పాపం.

ఇట్లు,
దిక్కులేని చెల్లి

తా.క. మంచం మార్చి ఏడాదయింది. నువ్వొచ్చి చూస్తేగా.


చెల్లాయికి,

నీ బెజ్జం సంగతి చదివాక సూపు గొంతు దిగలేదు. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళి, "నా చెల్లికి బెజ్జం, నాకు కత్తా?" అని కాగితం మీద రాసి డాక్టర్ని నిలదీశాను. సొంత పంటికైతే ఉన్న చిగురు జరిపితే చాలట. నా ఇంప్లాంటు చుట్టూ చిగురు పల్చన, జరిపినా నిలవదు, మందం కావాలి కాబట్టి అంగిటి ముక్క వేశానన్నాడు.

తర్వాత ప్లాస్టరు పళ్ళ బొమ్మ, బ్రష్ చేతికిచ్చి తోమి చూపించమన్నాడు. నాలుగు రుద్దులకే బ్రష్ లాక్కుని, "అంట్లు తోముతున్నారా? చిగుళ్ళు జారక ఏం చేస్తాయి?" అన్నాడు.

ఎవరి పళ్ళు తెల్లగా ఉంటే వాళ్ళే అమ్మ పక్కన కూర్చోవాలని మన పందెం గుర్తుందా? ఇన్నేళ్ళు రుద్దినా ఆ చోటు నీదే. నాకది ఏడుపే, ఒప్పుకుంటున్నా. దిండు కింది చీటీ కథలు నా దగ్గర చెప్పకు. ఆదివారం మీ బావని పంపుతున్నాను. అమ్మని పంపించు.

ఇట్లు,
అక్క

తా.క. నవ్వకు. జరిపిన చిగురు మళ్ళీ పైకి పోతుంది.


అక్కా,

నమస్కారాలకి తీరిక లేదు. బావ వచ్చి వంటగది, స్నానాలగది, ఆఖరికి మంచం కింద కూడా వెతికాడు. అదే సమయానికి మా ఆయన మీ తలుపు తట్టాడట, అమ్మని ఇక్కడికి తీసుకురావడానికి. అంటే మనిద్దరి దగ్గరా లేదు. తన ఇంటికి తాళం వేసి ఉంది.

నాకు భయంగా ఉంది. నీ దగ్గర ఉందని కుళ్ళుకున్న ఈ పది రోజులూ ఎంత హాయిగా ఉన్నానో ఇప్పుడు తెలుస్తోంది.

నీ చెల్లి

తా.క. నీ దగ్గరే ఉన్నా ఇంక ఏమీ అనను.


పెద్దదానికీ చిన్నదానికీ,

కార్బను పెట్టి ఇద్దరికీ ఒకేసారి రాస్తున్నాను. పై కాగితం ఎవరికొచ్చిందో అడగొద్దు.

నేను క్షేమం. నా స్నేహితురాలు కుట్టు టీచరమ్మ ఇంట్లో ఉన్నాను. మీ వారమే, మీ డాక్టరే, నాకూ చిగురు పల్చనని రెండు పళ్ళకి అంగిటి ముక్క వేశాడు. చెబితే నేను ఎవరింట్లో ఉండాలని కొట్టుకుంటారు, నోరు తెరిచి సర్దిచెప్పే వీలు నాకు లేదు. అందుకే అబద్ధమాడాను, డాక్టరుతో ఒట్టు వేయించుకున్నాను. అల్లుళ్ళు వీధులన్నీ గాలిస్తున్నారని ఆయనే చెప్పాడు.

ఆ బొమ్మ నా చేతికీ ఇచ్చాడు. నా రుద్దుడు చూసి, కూతుళ్ళకి నేర్పిందెవరో తెలిసిపోయిందన్నాడు. నిజమే. "ఇవాళ దీనివే తెల్లన" అని పొద్దున్నే మిమ్మల్ని ఎగదోసింది నేనే. త్వరగా తెములుతారనుకున్నాను, ఇంతకాలం తోముతారనుకోలేదు. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. నాకు రెండు పక్కలా చోటుంది.

మీ అమ్మ

తా.క. ముగ్గురిలో ఎవరి చిగురు బాగా అతుక్కుందని డాక్టర్ని అడిగాను. చెప్పనన్నాడు. బతిమాలితే చెప్పాడు. నాదేనట.