దించు అన్న మాట

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అలా రాయడం అలవాటు గనక రాశాను. ఉత్తరం మొత్తం చదివాక ఆ మాట ఉంచాలో కొట్టేయాలో నువ్వే చూసుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకి తింటున్నాను. మా ఆయనకి నడుంనొప్పి తగ్గింది, గొణుగుడు మాత్రం తగ్గలేదు. పిల్లకి ముందు పన్ను ఊడింది. అద్దం ముందు నిలబడి ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుంటోంది. అక్కతో మాట్లాడటం మానేశానని రాశావు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవకి ఇంత మౌనం దేనికమ్మా? పెద్దదానివి, నువ్వే పలకరించు. శాలువా అందిందని పోయినసారే రాశాను. దాని సంగతి చివర రాస్తాను.

నా ఉద్యోగం ఏమిటని పక్కింటివాళ్ళు అడిగితే చెప్పలేకపోయానన్నావు. ఇలా చెప్పు. మా కాఫీ కొట్టు వెనక గదిలో గింజలు వేపే మిషను ఉంది. దాన్ని నడిపేది మసి అన్నయ్య. చేతులెప్పుడూ నల్లగా ఉంటాయని అందరం అలా పిలుస్తాం, ఆయనా పలుకుతాడు. గింజలు తిరుగుతుంటే నేను పక్కన నిలబడి వాసన చూస్తూ ఉంటాను. పచ్చివాసన పోయి, రొట్టె కాలిన వాసన వచ్చి, అది కమ్మగా మారే క్షణంలో "దించు" అంటాను. ఆయన మీట లాగుతాడు, గింజలు పళ్ళెంలో పడతాయి. కాస్త ఆలస్యమైతే చేదెక్కుతాయి. నా నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా మా కొట్లో గింజ కిందకి దిగదు. నువ్వు పెరట్లో బట్టలు ఆరేస్తూనే "పాలు దించవే" అని కేకేసేదానివి కదా, సరిగ్గా అదే పని. నీ ముక్కే నాకు జీతం ఇప్పించింది.

కొట్టుకి గిరాకీ పెరిగిందని రాస్తూ అంత ముభావంగా ఉన్నావేమని అడిగావు. చెబుతాను. మా యజమాని మాట ఒక్కటే. గింజ ఎర్రమట్టి రంగు దాటకూడదు, పైన నూనె తేలకూడదు. తాగేవాళ్ళకేమో నల్లగా, చేదుగా, నాలుకకి పట్టుకునేలా ఉండాలి. ఎదురుగా బట్టలు కుట్టే ఆయన రోజూ కప్పు పట్టుకుని "ఇది కాఫీయా, కాఫీ కడిగిన నీళ్ళా?" అనేవాడు. ఈమధ్య ఒకరోజు ఆయనే కప్పు ఖాళీ చేసి, "ఇదమ్మా కాఫీ అంటే. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది మీకు" అన్నాడు. మర్నాడు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. తర్వాత జనం గుమ్మం దాకా నిలబడటం మొదలైంది. అందరూ మెచ్చుకుంటుంటే నేను వెనక గదిలోకి వెళ్ళిపోయాను. మేము ఏదీ మార్చలేదమ్మా. మారింది నేను.

ఇన్నాళ్ళూ దాచాను, ఇప్పుడు రాస్తున్నాను. మొన్నామధ్య జ్వరం వచ్చి తగ్గిందని రాశానే, ఆ జ్వరం నా ముక్కుని తీసుకుపోయింది. నాకు ఏ వాసనా తెలియడం లేదు. సబ్బు తెలియదు, వాన తెలియదు, పిల్ల తల తెలియదు. వాసన మళ్ళీ రావచ్చు అంటాడు డాక్టరు, రాకపోవచ్చు అని కూడా అంటాడు. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ఉండిపోయాను. పక్కింటావిడ తలుపు బాదితే లేచాను. వంటింటినిండా పొగ, గిన్నె అడుగు నల్లబొగ్గు. పిల్ల అక్కడే గుమ్మం దగ్గర నిద్రపోతోంది. ఆ రోజు నుంచి పొయ్యి ఆర్పానా లేదా అని పదే పదే వెళ్ళి చూస్తున్నాను. మా ఆయన చాదస్తం అని నవ్వుతున్నాడు. ఆయనకీ చెప్పలేదు.

మిషను దగ్గర నిలబడి ఏం చేస్తున్నానంటావా? పొగ కంటికి కనిపించేదాకా ఆగి అప్పుడు "దించు" అంటున్నాను. అప్పటికి ఆలస్యమైపోతుంది. మసి అన్నయ్య మీట మీద చెయ్యి వేసి "దించనా చెల్లెమ్మా?" అని అడుగుతాడు. నేను "ఆగు" అంటాను. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ ఆగమంటాను. ఆయన ఆగుతాడు. అలా మాడిన గింజలే ఆ టైలరుకి నచ్చాయి.

నిన్న యజమాని వచ్చాడు. గిరాకీ చూసి సంతోషిస్తాడనుకున్నాం. ఆయన డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో రుద్దాడు. చెయ్యంతా నూనె.

"జనానికి నచ్చుతోందండీ" అన్నాడు మసి అన్నయ్య.

"నచ్చేదే అమ్మాలంటే బొగ్గులో చక్కెర కలిపి అమ్ముకుందాం. ఈ మిషనెందుకు, మనమెందుకు?" అని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ ముక్కు ఏం చేస్తోంది?"

నా ముందు మూడు కప్పులు పెట్టించాడు. రెండింట్లో ఒకే కాఫీ, ఒకదానిలో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. రంగు తెలియకుండా దీపం తగ్గించాడు. నేను ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేడి తగిలింది, అంతే. నోట్లో పోసుకుంటే వేణ్ణీళ్ళలా ఉంది. తెలియదు అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. చెయ్యి మాత్రం పోయి మధ్య కప్పుని చూపించింది.

వేరే కాఫీ ఉన్నది అందులోనే.

తప్పయి ఉంటే ఎంత బాగుండేదో. యజమాని మొహం విప్పారింది. "నాకు తెలుసు, నీ ముక్కు నిక్షేపంలా ఉంది" అన్నాడు. తర్వాత మసి అన్నయ్య వైపు చూశాడు. "అయితే తప్పు నీ చేతిది. ఆవిడ చెప్పినా వినకుండా జనం మెప్పు కోసం మాడుస్తున్నావు. ఎల్లుండి నుంచి వేరేవాడు వస్తాడు. నిన్ను ఈ మిషను మీంచి దించేస్తున్నాను."

దించేస్తున్నాను అన్నాడమ్మా. నా మాటే.

మసి అన్నయ్య నావైపు ఒక్కసారి చూశాడు. యజమాని వెళ్ళాక నేనే అడిగాను, నేనే ఆగమన్నానని ఎందుకు చెప్పలేదని. చేతులు తుడుచుకుంటూ, "నువ్వు ఆగమంటే ఆగాను. ఏదో కారణం ఉంటుందనుకున్నాను. ఒంట్లో బానే ఉందా నీకు?" అన్నాడు. బానే ఉంది అన్నాను. అంత భయంలో కూడా అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో.

ఈవేళ సెలవు. పొద్దుటి నుంచి ఇదే ఆలోచన. చెబితే నా ఉద్యోగం పోతుంది. ముక్కు లేనిదాన్ని ఏ కాఫీ కొట్టువాడు పెట్టుకుంటాడు? నాకు ఇంకో పని రాదు. చెప్పకపోతే ఆయన పోతాడు, నేను రేపు ఇంకొకరి పక్కన నిలబడి పొగ కోసం ఎదురుచూస్తాను. ఎంత ధైర్యం తెచ్చుకుందామన్నా రావడం లేదు. అందుకే నీకు రాస్తున్నాను. తపాలా పెట్టె మా కొట్టు ఎదురుగానే ఉంది. రేపు లోపలికి వెళ్ళేముందు దీన్ని అందులో వేస్తాను. పెట్టెలో పడ్డాక మళ్ళీ బయటికి రాదు. నీకు తెలిసిపోయిన సంగతిని ఇంకెవరి దగ్గరా దాచడం నా వల్ల కాదు, చిన్నప్పటి నుంచీ కాలేదు.

ఇక శాలువా. "ఉతక్కుండానే పంపాను, నా వాసన వస్తోందా?" అని అడిగావు. పోయిన ఉత్తరంలో వస్తోంది అని రాశాను. రావడం లేదమ్మా. ఇప్పుడూ మొహం దానిలోనే దాచుకుని ఉన్నాను. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది, అంతే. నీ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటుంటే అది కూడా జారిపోతోంది. అక్కతో మాట్లాడు. నీ పక్కన కూర్చుని నీ వాసన ఎలా ఉంటుందో నాకు రాయమను, ఏదీ వదలకుండా.

ఇట్లు,
నీ ముక్కు పోలికతో పుట్టిన
నీ చిన్న కూతురు