గుహలోకి ఒక్కదాన్నే

ఆదివారం, విశాఖపట్నం

నిన్న సముద్రం, ఇవాళ బొర్రా గుహలు. గుహ ముందు మా ఆయన ఆగిపోయాడు. "ఇరవై ఎనిమిదేండ్ల సంది బొగ్గుబాయిల దిగుతున్న. సెలవు పెట్టి వచ్చి గూడ భూమిలకే దిగాల్నా? నువ్వు గూడ పోకు" అన్నాడు.

"నీ బాయిల నన్ను దిగనియ్యరు. ఈడ దిగనిస్తరు. నేను పోత" అని ఒక్కదాన్నే దిగాను.

లోపల చల్లగా ఉంది. తడి మెట్లు జారుతున్నాయి. అయినా చివరిదాకా వెళ్లాను. రోజూ ఆయన దిగే చీకటి ఇంతకన్నా ఎంత చిక్కగా ఉంటుందో!

బయటికొచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "గింతసేపా? నాకు పాణం ఆగలే" అన్నాడు.

"గంటకే గిట్లయితే ఎట్ల? ఇన్నేండ్లు షిఫ్టు షిఫ్టుకూ నేను గిట్లనే ఎదురుచూసిన" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు నాకిచ్చాడు. రేపు సముద్రంలో పడవ ఎక్కుతాను. వద్దంటాడేమో, అననీ...