కారు అమ్మొద్దు

నాయనా,
ఫోన్‌లో నా మాట పూర్తికాకుండానే పెట్టేస్తావని గుత్తి నుంచి ఈ కార్డు. నేను క్షేమం, కారూ కాలిపోలేదు.

చక్రాల కింద రైతుకు గింజలు రాలతాయి కదా అని, రోడ్డు మీద పరిచిన ఉలవ పంట మీదుగా పోనిచ్చాను. మన కారు పొట్ట నేలకు దగ్గర గనుక తీగలు కింద చుట్టుకుని పొగ వచ్చింది. ఆ దారినే వస్తూ ఆగిన, ఇలాంటి కారే ఉన్న అజ్మతుల్లా అన్న వాటిని పీకేసి, "ఏమప్పా, ఇది కారనుకున్యావా, కళ్ళంలో పంట నూర్చే రాతి గుండనుకున్యావా? నాదీ ఇట్లే పొగ కక్కినాది. అమ్ముకున్యానా?" అన్నాడు.

పొగ మాట వినగానే అమ్మేస్తానన్నావు, నువ్వూ అమ్మొద్దు. సునందక్క కాన్పుకు ఆటోలో కుదుపులు తింటూ ఆస్పత్రికి పోతానంటే నేను ఒప్పుకోను. వైద్యం దయ కాదు, హక్కు! శుక్రవారానికి కారుతో వస్తాను. మన రోడ్డు మీద ఉలవలు పరిచినవాళ్ళను ఒక పక్క దారి వదలమను. అమ్మ మోకాలు ఎలా ఉంది? పుట్టబోయే మేనకోడలికో మేనల్లుడికో ముందుగానే మామ దీవెనలు.

ఓబులేశు