పోచమ్మ ముందు పెట్టిన ప్యాకెట్ పుంజు

గోడాదరా, సూరత్.
శనివారం.

ఆహార భద్రతా అధికారి శ్రీ సూర్యప్రకాశరావు గారి సముఖమునకు, గోడాదరా నివాసి, బట్టల మార్కెట్లో ప్యాకింగ్ మాస్టర్, వయస్సు నలభై ఎనిమిది, రాజనర్సు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ప్యాకెట్ మీద పుంజు బొమ్మ వేసి లోపల బ్రాయిలర్ ముక్కలు అమ్మినందువలన మా ఇంటి మొక్కు చెడుట, తద్వారా మా అమ్మాయి చదువు ఆగుట గురించి.

అయ్యా,

తమ ఆఫీసు బోర్డు మీద తెలుగు పేరు చూసి, ధైర్యం చేసి తెలుగులోనే వ్రాస్తున్నాను. గుజరాతీలో వ్రాయిస్తే వ్రాసిపెట్టేవాడు నవ్వుతాడు. తమరు కూడా నవ్వవచ్చు, కాని అప్పుడు నేను ఎదురుగా ఉండను.

1. మొన్నటి వానాకాలంలో మా అమ్మాయి విజయరాణికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయినవి. మూడు రోజులు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈ సంగతి అర్జీకి అనవసరం, అయినా వ్రాశాను. నా భార్య నర్సవ్వ ఏడవలేదు. పిల్ల బతికితే నాటు పుంజునిస్తానని పోచమ్మకు మొక్కింది. పిల్ల బతికింది.

2. సదరు పుంజును తెచ్చు బాధ్యత నాపై పడినది. ప్రాణమున్న పుంజును మేముండే ఇళ్ల సొసైటీలోకి తేవడానికి వీలులేదు. మా చైర్మన్ ఓంప్రకాష్ గారు కోడి కూతను కూడా మాంసాహారం కింద లెక్కించే మనిషి. అదంతా సాకేనని, బజారుకు పోయి పుంజును ఎంచి తేవడానికి నాకు బద్ధకమని నర్సవ్వ అభిప్రాయం. ఆమె అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను.

3. కావున వడోద్ దారిలోని ఒక పెద్ద ఏసీ దుకాణంలో ఒక ప్యాకెట్ తీసుకొన్నాను. దాని మీద ఎర్రని జుట్టుతో, రొమ్ము విరుచుకుని నిలబడ్డ పుంజు బొమ్మ ఉంది. "దేశీ ముర్గా, ఒకే పూర్తి కోడి, పల్లెలో పెరిగినది" అని వ్రాసి ఉంది. వెనక ఉన్న పచ్చని పొలం అచ్చం మా జగిత్యాల దిక్కు పొలంలా కనబడటంతో ఇక నేనేమీ చదవలేదు.

4. సొసైటీ వెనక గోడ పక్కన, వేపచెట్టు కింద మావాళ్లు నిలుపుకొన్న పోచమ్మ ఉంది. అక్కడ విస్తరిలో పెట్టిన ముక్కలు చూసి నర్సవ్వ "తలకాయేది?" అని అడిగింది. "కంపెనోళ్లు తలకాయ ఇయ్యరు" అన్నాను. "మరి గిది పుంజని అమ్మకెట్ల తెలుస్తది?" అంది. అప్పుడు నేను చేసిన పని ఈ అర్జీ మొత్తంలో సిగ్గుపడవలసినది. కత్తెర తెచ్చి, లేబుల్ మీది పుంజు బొమ్మను కత్తిరించి, తల ఉండవలసిన చోట పెట్టి, పసుపు కుంకుమ అద్ది, దండం పెట్టాను. ఫోటో చూపించి దేవతకు మొక్కు చెల్లించినవాడు మా వంశంలో నేనే మొదటివాడిని.

5. ముక్కలలో కాళ్లు మూడు ఉన్నవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవారిని చూశాను గాని, ఒకే పూర్తి కోడికి మూడు కాళ్లు పెట్టి అమ్మేవారిని చూడటం ఇదే మొదలు. మూడో కాలు తీసి ఫ్రీజర్‌లో దాచాను. సాక్ష్యం కోసం కాదు, మర్నాటి కోసం.

6. నాటుకోడి కదా అని నర్సవ్వ కుక్కర్‌కు ఎనిమిది విజిల్స్ రానిచ్చింది. మూత తీస్తే కోడి లేదు, జావ ఉంది. గరిటె చేతిలో పట్టుకుని ఆమె నన్ను చూసిన చూపును వర్ణించు శక్తి నాకు లేదు. విజయరాణి లేబుల్‌ను ఫోన్‌లో ఫోటో తీసి, పెద్దది చేసి, అడుగున ఉన్న చీమ తలకాయలంత అక్షరాలు చదివింది. "బ్రాయిలర్ కోడి ముక్కలు, నీరు, ఉప్పు. దేశీ ముర్గా అనునది మా సరుకు పేరు. బొమ్మ అలంకారం కొరకు మాత్రమే."

7. దుకాణం మేనేజర్ గణపతి మనవాడే. పోయి గట్టిగా అడిగాను. "నువ్వేం పని జేస్తవ్ కాకా?" అన్నాడు. "చీరల ప్యాకింగ్, లేబుళ్లు" అన్నాను. "గట్లయితె నీకు నేను జెప్పాల్నా?" అని నవ్వాడు.

అయ్యా, దాచి లాభం లేదు. పద్దెనిమిదేళ్లుగా నేను పాలిస్టర్ చీరల మీద "శుద్ధ పట్టు" అని బంగారు అక్షరాల లేబుల్ అంటిస్తున్నాను. దాని కింద "వంటి మెరుపు" అనే మాట కూడా ఉంటుంది. అది ఎంత చిన్నగా ఉండాలో, ఏ మడతలోకి పోవాలో నాకంటే తెలిసినవాడు మార్కెట్లో లేడు. అంతటివాడిని కోడి దగ్గర బోర్లా పడ్డాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని పెద్దలు ఊరికే అనలేదు. గణపతి ఉచితంగా ఇచ్చిన మసాలా ప్యాకెట్ తీసుకుని ఇంటికి వచ్చాను. దాని మీద కూడా పుంజే ఉంది.

8. అసలు బాధ ఇది. విజయరాణికి వడోదరాలో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం చేరకపోతే సీటు పోతుంది. "అమ్మకు అబద్ధం జెప్పి పిల్లను గడప దాటిస్తనా? మల్ల జరమొస్తె ఏ మొఖంతోని మొక్కాలె?" అంటుంది నర్సవ్వ. ఇంకో పుంజును తెస్తానన్నాను. "పుంజు తర్వాత. ముందుగాల గా అబద్ధం అంటిచ్చినోడు అచ్చి అమ్మ ముందర తప్పయిందని ఒప్పుకోవాలె" అంది. సర్దిన సంచి నాలుగు రోజులుగా తలుపు పక్కనే ఉంది. పిల్ల సంచి చుట్టూ తిరిగి పోతుంది. నాకు భయంగా ఉంది. సీటు పోతుందనే కాదు, నర్సవ్వ అన్నది నిజమేమోనని కూడా.

కావున తమరు దయతలచి,
(అ) ఫ్రీజర్‌లోని మూడో కాలును పరీక్ష చేయించి,
(ఆ) మాంసం ప్యాకెట్ల మీది చిన్న అక్షరాలను నా వయసువాళ్ల కళ్లకు ఆనేటట్టు పెద్దవి చేయించి,
(ఇ) సదరు లేబుల్ అంటించిన వ్యక్తిని రేపు ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా వేపచెట్టు వద్ద హాజరుపరచవలెను. వచ్చినవానికి టీ ఇస్తాము. కొట్టము.

మూడు కాళ్ల సంగతితో పాటు నా బద్ధకాన్ని కూడా పెద్ద మనసుతో చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయుడు, పుంజు బొమ్మకు దండం పెట్టినవాడు,
రాజనర్సు

జతపరచినది: లేబుల్ ఒకటి. మధ్యలో కోడి ఆకారంలో రంధ్రం ఉన్నది. కారణం నాలుగవ అంశంలో చూడగలరు.

తా.క.: విజయరాణి తప్పులు దిద్దుతూ ఈ అర్జీని పైకి చదువుతుంటే నర్సవ్వ వంటింట్లోంచి విన్నది. ఏడవ అంశం దగ్గర బయటికి వచ్చింది.

"ఏటేటా బోనాలకు పట్టుచీర అని జెప్పి తెచ్చి అమ్మకు పెట్టిస్తున్నవ్. మగ్గాల ఇంట్ల పుట్టినదాన్ని, పట్టేదో పాలిస్టరేదో నాకు ఎర్కలేదా? పద్దెనిమిదేండ్ల సంది నీ తరఫున నేనే చెంపలేసుకుంటున్న. గీసారి నువ్వే ఏస్కో" అంది.

ఆమె సంచి విప్పి చూసి, పిల్ల తువ్వాలు మరిచిందని తెచ్చి పెట్టి, మళ్లీ కట్టింది.

కావున పై (ఇ) కోరికను రద్దు చేయగలరు. లేబుల్ అంటించినవాడు దొరికాడు. రేపు తొమ్మిదింటికి హాజరవుతాడు.