బానెట్ మీద చెయ్యి

మార్చి 2, ఆదివారం
ఇవాళ మందిరంలో సంఘమంతా లేచి నిలబడింది. వ్యాన్‌లో ఇంజిన్ లైటు వారంగా వెలుగుతోందనీ, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించగానే ఆరిపోయిందనీ సాక్ష్యం చెప్పాను. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. నా గొంతు నాకే ఉరుములా వినిపించింది. ప్రార్థన తర్వాత, ఇంజిన్ తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి ఎరేజ్ నొక్కిన సంగతి మాత్రం చెప్పలేదు. పాపములు తుడిచివేయబడినప్పుడు ఏ గుడ్డతో తుడిచారని ఎవడడుగుతాడు?

మార్చి 4, మంగళవారం
బజారులో వ్యాన్ ఆపి గంటసేపు మైకులో వాక్యం ప్రకటించాను. గర్విష్ఠులారా, మీ దినము సమీపించెను! మళ్లీ సీట్లో కూర్చుంటే లైటు వెలుగుతోంది. సాతానుకి వేరే పని లేదు. ప్రార్థించాను. ఎరేజ్ నొక్కాను.

మార్చి 5
మళ్లీ వెలిగింది. మళ్లీ నొక్కాను. ఇలా నాలుగుసార్లు.

మార్చి 6, గురువారం, సాయంత్రం
మందిరం దగ్గరి ఎత్తు రోడ్డు మీద, లైటు వెలుగుతుండగానే, వ్యాన్ నీరసించిపోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా నత్తనడకే. వెనక తొమ్మిదిమంది పెద్దవాళ్లు. దిగి నెట్టమంటావా అని ఒకాయన అడిగాడు. ఆయనకి డెబ్భై తొమ్మిది. పక్కకి ఆపి ఎరేజ్ నొక్కితే గానీ కదల్లేదు.

సిగ్గు చంపుకుని మరదలి షెడ్‌కి తీసుకెళ్లాను. మా ఆవిడ చెల్లెలు, మెకానిక్. తన స్కానర్ పెట్టి, ఏం బావా, ఇందులో ఏమీ లేదు, ఎవరు ఎరేజ్ చేశారు అంది. నేనే అన్నాను. ఎన్నిసార్లు అంది. ఏడు అన్నాను. తల పట్టుకుంది. ఫాల్ట్ వచ్చినప్పుడు స్పీడెంత, వేడెంత అన్నీ కోడ్‌తో పాటే రాసి ఉంటాయట. అవన్నీ నేనే మాయం చేశానట. దొంగ పడ్డ ఇంటిని పోలీసులు రాకముందే తడిగుడ్డ పెట్టి తుడిచే మనిషివి నువ్వు అంది. ఈసారి లైటు వెలగనీ, ముట్టుకోకు, ఆదివారం వాళ్లందర్నీ పైకి ఎక్కించాలంటే ఇదొక్కటే దారి అంది. ఆరిపోయిందని సాక్ష్యం చెప్పాను కదే, ఆ లైటుతో సంఘానికి మొహం ఎలా చూపించను అన్నాను. అది నీకూ దేవుడికీ మధ్య, నాకు ఇంజిన్ చాలు అంది.

మార్చి 7
ప్రకటించి వచ్చేసరికి లైటు. ముట్టుకోలేదు. వేళ్లు దురద పెట్టాయి. పక్కసీట్లో సంఘపెద్ద దాన్నే చూస్తూ, వాతావరణం బాగుందన్నాడు.

మార్చి 8, శనివారం, మధ్యాహ్నం
మరదలు కోడ్ చదివింది. ఏదో సెన్సర్ వోల్టేజ్ తప్పు. ఆ కోడ్ పడ్డప్పుడు స్పీడు సున్నా. బండి ఆపి ఏం చేస్తుంటావు బావా అంది. ప్రకటిస్తుంటాను అన్నాను. అయితే ఇక్కడే ప్రకటించు అంది.

షెడ్‌లో! పాత టైర్లకీ, నలుగురు పనివాళ్లకీ! వ్యాన్ మైకు పట్టుకుని మెల్లగా మొదలుపెట్టాను. ఏమీ కాలేదు. ఇంత చప్పగానా, నిన్ను చూసి ఏ పాపి భయపడతాడు అంది. అంతే. మారుమనస్సు పొందుడి! అని గర్జించాను. స్కానర్‌లో అంకె ఎగిరిపడింది. అగ్ని! ఎగిరింది. నరకము! లైటు వెలిగింది. పనివాళ్లు చప్పట్లు కొట్టారు.

పోయిన నెల మైకుకి కొత్త ఆంప్లిఫయర్ బిగించింది నేనే, ఎవర్నీ అడక్కుండా. దాని ఎర్త్ వైరు తీసుకెళ్లి సెన్సర్ ఎర్త్ ఉన్న తుప్పు బోల్టుకే కట్టాను. నేను అరిచినప్పుడల్లా ఆ కరెంటంతా అక్కడ పడి, సెన్సర్ అబద్ధం చెబుతోంది, అది నమ్మి ఇంజిన్ బలం తగ్గించేసుకుంటోంది. సాతానుకి సంబంధమే లేదు. మరదలు బోల్టు గీకి, నా వైరు తిన్నగా బ్యాటరీకి వేసి, మళ్లీ అరిపించింది. అంకె కదల్లేదు. వ్యాన్ ఎత్తు రోడ్డు మేకపిల్లలా ఎక్కింది.

సంతోషమే. కానీ రేపు సంఘానికి ఏం చెప్పను? బైబిల్ తెరిచాను. ఎక్కడ తెరిచినా అబద్ధికుల గురించే.

మార్చి 9, ఆదివారం
చెప్పేశాను, ఎరేజ్ బటన్‌తో సహా. అప్పుడు డ్రైవింగ్ స్కూల్ నడిపే ఆవిడ లేచి, తన కారు లైటు మీద రెండేళ్లుగా ప్లాస్టర్ అంటించి ఉందంది. తర్వాత ఇంకొకాయన. మొత్తం పదకొండుమంది లేచారు. పశ్చాత్తాపపడేవాళ్లు లేవండని నేనింకా అననే లేదు.