బానెట్ ముందు హారతి

వర్తూరు,
శుక్రవారం

తమ్ముడు హేమంత్‌కి అక్క దీవెనలు.

కారుకి కొత్త పెట్రోలు పైపు, జాయింట్లు ఇంట్లోనే బిగించుకున్నానని నువ్వు పంపిన ఫోటో చూశాను. కింద "బావ నేర్పినట్టే చేసినానక్కా" అని రాశావు. వెంటనే ఫోన్ చేశాను గానీ, నీ గొంతు వినగానే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

పోయినేడు ఆయుధపూజనాడు మీ బావ కారులో వైరింగ్ కాలి మంటలు లేచాయని నీకు చెప్పాం. అది మా మామ కల్పించిన మాట. కొడుకు పనితనానికి చెడ్డపేరు రాకూడదని అలా చెప్పించాడు. వైరు కాదప్పా, మీ బావ చేత్తో బిగించిన జాయింటు. ముందురోజు గుడ్డతో తుడిచి చూపించాడు, పొడిగానే ఉంది. పూజలో నిమ్మకాయలు తొక్కించాలని ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు కారడం మొదలైంది. పెట్రోలు వాసన వస్తోందని నేనంటే, "కొత్త పైపు గదా, అట్లే ఉంటాది. ఇంజనుకు గూడా హారతి చూపియ్యల్ల" అని బానెట్ ఎత్తి, కర్పూరం పళ్ళెం లోపలికి వంచాడు.

పాడె పట్టినవాడివి, తరువాతి సంగతి నీకు తెలుసు.

ఈసారి నీ కారుకి పసుపు, కుంకుమ, పూలు చాలు. కర్పూరం వద్దు. మెకానిక్‌కి చూపించేదాకా తాళం కూడా తిప్పొద్దు.

అప్పటినుంచి నేను దీపం వెలిగించబోతే చాలు, ఆ పెట్రోలు వాసన వస్తుంది. నిన్న దీపం దగ్గర కూడా లేను. నీ ఫోటో తెరిచాను, అంతే. ఫోటోకి వాసన ఉండదని నాకూ తెలుసప్పా.

మీ అక్క