పళ్లెం మీద అక్క

అక్కా,

నమ్మవు గానీ, ఇవాళ మన ముందుగదిలో నువ్వు నాట్యం చేశావు!

చిన్నప్పుడు కంతల్లోంచి చూస్తూ తిప్పితే బొమ్మలు కదిలినట్టు కనిపించే డబ్బా గుర్తుందా? అలాంటిదే చేశాను. నీ నాట్యం ఫొటోలు చూసి, ఒక్కో భంగిమకి ఒక్కోటిగా చేసిన మట్టిబొమ్మల్ని పళ్లెం అంచున నిలబెట్టి, మోటారుతో తిప్పాను. మొదట అంతా ముద్దలా కలిసిపోయింది.

"బొమ్మలు రుబ్బుతున్నావుటే?" అని అమ్మ ఒకటే నవ్వు.

నేను పట్టు వదల్లేదు. గది చీకటి చేసి, ఒక్కో బొమ్మ ముందుకు రాగానే లైటు మిణుక్కుమనేలా మోటారుకి కలిపాను. అంతే! బొమ్మలన్నీ కలిసి ఒక్క మనిషైపోయాయి. ఆ మనిషి కాలెత్తి గిర్రున తిరిగింది.

అమ్మ దిగ్గున లేచి, "ఇది మన పెద్దదేనే! ఆ తల విదిలింపు దానిదే!" అని అరిచింది.

కాలు విరిగాక ఇక ఆడలేనన్నావు. ఆడొచ్చని డాక్టరు చెప్పారటగా! ఫొటోలు ఇంతవరకే ఉన్నాయి; ఈ నాట్యంలో తర్వాతి అడుగు నాకు తెలియదు. కట్టు విప్పగానే వచ్చి చూపించు.

నీ చెల్లెలు